ఖాళీ స్థలం కొని పార్కు చేస్తే మన ఆరోగ్యానికి ఏం ఒరుగుతుంది?

మన ఆసుపత్రి వెనుక కాలనీల మధ్య ఏళ్ళ తరబడి పడి ఉన్న ఎకరం పాతిక సెంట్ల ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీ వారు కొని పార్కుగా మార్చాలని ఆలోచిస్తున్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంకా ఏదీ ఖరారు కాలేదు. కానీ షుగరు క్లినిక్కు వచ్చేవారు, బాలింతలను చూడడానికి వచ్చే బంధువులు, మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబడినవారు అందరూ ఈ మాటే మాట్లాడుకుంటున్నారు. “ముందు డ్రైనేజీ బాగుచేయకుండా పార్కెందుకు సిస్టరుగారూ?” అని కొందరు మమ్మల్ని నిలదీస్తున్నారు. “అంత జాగా పార్కుకు ఎందుకు, ఒక ఆసుపత్రో కల్యాణమండపమో కడితే నలుగురికీ పనికొస్తుంది కదా” అని మరికొందరు అంటున్నారు.

స్థలానికి అడుగుతున్న ధర న్యాయమైనదా కాదా అన్నది మేము చెప్పగల విషయం కాదు. అయితే పార్కు వలన ఆరోగ్యానికి మేలు ఉందా, ఉంటే ఏ మేరకు, దేనికి పార్కు పనికిరాదు అన్నవి మేము చెప్పవలసిన సంగతులే. అందుకే ఈ సంచికలో మందుల గురించి కాకుండా మట్టి గురించి రాస్తున్నాము.

ఖాళీ స్థలం ఊరికే ఉండదు

ఊరి మధ్య ఖాళీ జాగా ఉంటే అది ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. మొదట ఎవరో ఒకరు ఇల్లు పడగొట్టిన రాళ్ళు, విరిగిన సిమెంటు రేకులు తెచ్చి పోస్తారు. ఆ కుప్ప చూసి ఇంకొకరికి ధైర్యం వస్తుంది. ఇంటి చెత్త, కొబ్బరి బొండాల డొక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు, పనికిరాని టైర్లు చేరతాయి. రెండు వానలు పడేసరికి సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఏపుగా లేస్తాయి. పందులు, కుక్కలు సరేసరి.

ఇందులో ఒక్కొక్కదానికి మా వార్డుల్లో ఒక్కొక్క మంచం ఉందని చెప్పవచ్చు. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను మోసే ఈడిస్ దోమ మురుగు కాలువ కోసం చూడదు. దానికి కావలసింది డొక్కలోనో టైరులోనో నిలిచిన వాననీరు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పైగా ఆ గుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ వాన పడగానే పగులుతాయి. మీరు ప్రతి శుక్రవారం డ్రైడే పాటించి ఇంట్లో తొట్లన్నీ కడిగి బోర్లించినా, గోడకు అవతల ఇరవై టైర్లు పడి ఉంటే ఆ శ్రమ సగం వృథాయే. ఈ దోమ ఎంతో దూరం ఎగిరేది కాదు. సాధారణంగా పుట్టినచోటి నుంచి కొన్ని వందల మీటర్ల లోపలే తిరుగుతుంది. అంటే ఆ స్థలంలో పుట్టిన దోమ ఆ స్థలం చుట్టూ ఉన్న ఇళ్ళవారినే కుడుతుంది.

చెత్తకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరిగేది, నేల మీద పడుకున్నవారిని కాటు వేసేది. కాటు గుర్తు కూడా ఒక్కోసారి కనబడదు. (పాము కరిస్తే గాటు పెట్టవద్దు, గట్టిగా తాడు కట్టవద్దు, నాటు వైద్యం కోసం గంటలు పోగొట్టవద్దు. కరిచిన కాలు చెయ్యి కదలకుండా పెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకురండి. విషానికి విరుగుడు ఇంజక్షను ఉంది. ఇది ఎన్నిసార్లు రాసినా మళ్ళీ రాయవలసి వస్తోంది.) వయ్యారిభామ పుప్పొడి వలన దురదలు, ఆయాసం వస్తాయి. చెత్త పెరిగిపోయిందని ఎవరో నిప్పు పెడితే, ఆ ప్లాస్టిక్ పొగకు ఆస్తమా పిల్లలు ఆ రాత్రే క్యాజువాలిటీకి వస్తారు.

కాబట్టి లెక్క వేసేటప్పుడు ఒకవైపు పార్కు ఖర్చు, మరొకవైపు సున్నా అని వేయకూడదు. ఖాళీ స్థలానికి ఇప్పటికే ఖర్చు అవుతోంది. అది చుట్టుపక్కల ఇళ్ళవారు మందుల బిల్లుల్లో కడుతున్నారు.

ఫిలడెల్ఫియాలో చీటీలు వేసి చూశారు

చెత్త ఎత్తివేస్తే చాలదా, పార్కు దాకా ఎందుకు అన్న ప్రశ్నకు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మంచి జవాబు దొరికింది. అక్కడ కర్మాగారాలు మూతపడి, జనం వలస పోయి, ఇళ్ళు కూలిపోయి వేల సంఖ్యలో ఖాళీ ప్లాట్లు మిగిలిపోయాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిలో 541 ప్లాట్లను తీసుకుని, కొత్త మందును పరీక్షించేటప్పుడు చేసినట్లే, చీటీలు వేసినట్టుగా మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి, కొన్ని చెట్లు నాటి, చుట్టూ మోకాలెత్తు కొయ్య కంచె వేశారు. కంచెలో మనుషులు లోపలికి రావడానికి దారి వదిలారు. రెండో గుంపులో చెత్త తీసి, ఉన్న గడ్డి కోశారు, అంతే. మూడో గుంపును ముట్టుకోలేదు. ముందు 18 నెలలు, తర్వాత 18 నెలలు ఆ చుట్టుపక్కల ఏం జరిగిందో చూశారు.

2018లో ఫలితాలు ప్రచురించారు. పచ్చగా చేసిన ప్లాట్ల దగ్గర ఉండేవారిలో తమకు దిగులుగా, కుంగుబాటుగా ఉందని చెప్పినవారు 41.5 శాతం తగ్గారు. పేదలు ఎక్కువగా ఉండే పేటల్లో ఆ తగ్గుదల 68 శాతం. ఆ పేద పేటల్లోనే తుపాకి కాల్పులు 29 శాతం తగ్గాయి. ఒట్టి చెత్త తీసిన గుంపులో మాత్రం మనసుకు సంబంధించి చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. చెత్త తీయడం అవసరమే, కానీ చెత్త లేని బోడి నేలను చూసి మనిషి మనసు తేలికపడలేదు. పచ్చదనం, ఎవరో పట్టించుకుంటున్నారన్న నమ్మకం రెండూ కలిసినప్పుడే తేడా వచ్చింది.

మున్సిపాలిటీ వారికి నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఒక్కో ప్లాటు పచ్చగా చేయడానికి సుమారు 1,600 డాలర్లు, ఏటా నిర్వహణకు సుమారు 180 డాలర్లు అయింది. అక్కడ బాగుచేసిన స్థలాలన్నీ నగరం కొన్నవి కావు. యజమాని పట్టించుకోకుండా వదిలేసిన ప్రైవేటు స్థలాలు కూడా వాటిలో ఉన్నాయి. అంటే కొనడం ఒక్కటే దారి కాదు. మన దగ్గర కూడా బేరం తేలేలోపు, యజమానితో రాతపూర్వకంగా ఒప్పుకుని స్థలాన్ని శుభ్రంచేసి గడ్డి వేయించవచ్చునేమో మున్సిపాలిటీ వారు ఆలోచించాలి.

వాళ్ళ ఊరి లెక్కలు మన ఊరికి అచ్చంగా సరిపోతాయని మేము అనడం లేదు. వాళ్ళకు తుపాకుల బాధ, మనకు దోమల బాధ.

నర్సులు రాసిన నోట్సులో తేలిన నిజం

మా వృత్తికి సంబంధించినది కాబట్టి ఇంకో పరిశీలన గురించి చెప్పాలనిపిస్తోంది. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషను చేయించుకున్నవారి కేసు షీట్లు తిరగేశాడు. ఒకే రకమైన గదులు, కాకపోతే కొన్ని కిటికీల నుంచి చెట్లు, కొన్నిటి నుంచి ఇటుక గోడ కనబడతాయి. వయసు, స్త్రీ పురుష భేదం వంటివి సరిచూసి 23 జతలుగా పోల్చాడు. చెట్లు కనబడే గదిలో ఉన్నవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. రోగి ఏడుస్తున్నాడని, కలతగా ఉన్నాడని నర్సులు రాసిన మాటలు కూడా వాళ్ళ షీట్లలో తక్కువ. 1984లో ఇది ప్రచురితమైంది. 46 మంది మీద చేసిన చిన్న పరిశీలనే. అయినా డ్యూటీ దిగేముందు నోట్సు రాయడానికి విసుక్కునే మా పిల్లలకు మేము దీని గురించి చెబుతూ ఉంటాము.

డ్రైనేజీ ముందా, పార్కు ముందా?

ఈ ప్రశ్న వేసినవారిని మేము తేలికగా తీసుకోము. దీనికి లండన్ చరిత్రలో ఒక జవాబు ఉంది, అది కొంచెం వివరంగా చెబుతాము.

1830లలో తూర్పు లండన్ అంటే ఇరుకు ఇళ్ళు, రేవు కూలీలు, నేతగాళ్ళు. జనన మరణాల లెక్కలు చూసే కార్యాలయంలో విలియం ఫార్ అనే వైద్యం చదివిన ఉద్యోగి ఉండేవాడు. 1839లో వెలువడిన ఆ కార్యాలయం మొదటి వార్షిక నివేదికలో ఆయన, తూర్పు లండన్‌లో ఒక పార్కు ఏర్పాటుచేస్తే ఏటా కొన్ని వేల మరణాలు తగ్గుతాయని రాశాడు. మరుసటి ఏడాది అక్కడి ప్రజలు సుమారు 30,000 సంతకాలతో విక్టోరియా రాణికి అర్జీ పెట్టుకున్నారు. 1841లో పార్లమెంటు చట్టం చేసింది. యార్క్ హౌస్ అనే ప్రభుత్వ భవనాన్ని ఒక ప్రభువుకు 72,000 పౌండ్లకు అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొన్నారు. 1845లో విక్టోరియా పార్కు ప్రజలకు తెరిచారు. ఇప్పటికీ ఉంది.

మరి మరణాలు తగ్గాయా? ఫార్ అనుకున్న విధంగా తగ్గలేదు. ఆ రోజుల్లో చెడుగాలి వలన జబ్బులు వస్తాయని పెద్ద పెద్ద వైద్యులు కూడా నమ్మేవారు. పార్కు ఉంటే గాలి శుభ్రపడుతుంది, జబ్బులు పోతాయి అని వారి ఆశ. 1848-49లోనూ, 1854లోనూ లండన్‌కు కలరా వచ్చింది. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు కలరా గాలి వలన కాదు, తాగే నీటి వలన వస్తుందని చేతిపంపు దగ్గర లెక్కతీసి చూపించాడు. 1866లో కలరా మళ్ళీ వచ్చి, ఈసారి సరిగ్గా తూర్పు లండన్‌ మీదే పడింది. 5 వేల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు మరణాలను పేట పేటకూ లెక్కకట్టి, ఫలానా నీటి కంపెనీ సరఫరా చేసిన నీటి వలననే ఇది వచ్చిందని తేల్చినవారిలో ముఖ్యుడు ఎవరో కాదు, ఈ ఫారే. పార్కు కావాలని అడిగిన మనిషే, పాతికేళ్ళ తర్వాత, చంపినది నీరు అని చెప్పాడు.

అందుచేత మా మాట ఇది. వీధిలో మురుగు పొంగి మంచినీటి పైపులో కలుస్తున్నచోట ముందు డ్రైనేజీయే. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు పార్కు వలన ఆగవు. ఆ పని మానేసి పార్కుకు డబ్బు పెడతామంటే మేము కూడా ఒప్పుకోము. అయితే మన ఊళ్ళో ఇప్పుడు మంచాలు నింపుతున్న జబ్బులు కేవలం అవి మాత్రమే కావు. షుగరు, బి.పి., గుండెపోటు, పక్షవాతం కూడా ఉన్నాయి. వీటికి డ్రైనేజీ మందు కాదు.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగరు ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలు రోజుకు ఒక గంట ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేము ప్రతి షుగరు పుస్తకం మీద “రోజూ అరగంట నడవాలి” అని రాస్తాము. రాయడం సులభం. ఎక్కడ నడవాలి? మెయిన్ రోడ్డు మీద లారీలు, సందులో కుక్కలు, ఫుట్‌పాత్ మీద టిఫిను బండ్లు. మగవారు ఎలాగో తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుకు పోతారు. ఆడవారు? 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన లెక్క చూస్తే, మన దేశంలో చాలినంత ఒళ్ళు కదిలించనివారు మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. ఇల్లంతా చాకిరీ చేసినా గుండెకు కావలసిన నడక అందులో ఉండదు. వీధిలో ఒంటరిగా చెయ్యి ఊపుకుంటూ నడిస్తే “ఎక్కడికమ్మా వెళ్తున్నావు?” అని పది మంది అడుగుతారు. పార్కులో నడిస్తే ఎవరూ అడగరు. ఈ ఒక్క కారణానికే మేము పార్కు వైపు మొగ్గుతున్నాము.

ఎకరం పాతిక సెంట్లు చాలా చిన్నది కదా అనుకోవద్దు. ఆ స్థలం చుట్టూ లోపలి వైపుగా బాట వేస్తే ఒక చుట్టు సుమారు 260 మీటర్లు వస్తుంది. నాలుగు చుట్లు వేస్తే కిలోమీటరు దాటుతుంది. పది పదకొండు చుట్లు వేస్తే అరగంట నడక పూర్తి. ఇంటికి 300 మీటర్ల లోపు, అంటే అయిదు నిమిషాల నడకలో, కనీసం అర హెక్టారు పచ్చని స్థలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం చెప్పింది. అర హెక్టారంటే ఇంచుమించు ఎకరం పాతిక సెంట్లే. పెద్ద పార్కు ఊరి చివర ఎంత అందంగా కట్టినా, ఆటో ఎక్కి పోవలసి వస్తే మోకాళ్ళ నొప్పులవారు రెండోసారి పోరు.

డబ్బు సంగతి

పట్టణ ప్రజలకు పార్కులు, ఆటస్థలాలు ఏర్పాటుచేయడం మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల్లో ఒకటిగా 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చింది. చేయాలన్నది ఉంది, డబ్బు ఎక్కడిదన్నదే బాధ. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే పట్టణంలో మార్కెట్ విలువకు అంత మొత్తమూ సోలేషియం కలిపి, అంటే రెట్టింపు ఇవ్వాలి. దానికి వడ్డీ వంటివి అదనం. అందుకే యజమానితో మాట్లాడి నేరుగా కొనడమో, నగదుకు బదులు టి.డి.ఆర్. బాండు ఇవ్వడమో చూస్తారు. బాండు అయితే ఖర్చు లేదనుకోవద్దు. దాని విలువ ఎక్కువ కట్టినా నష్టపోయేది ఊరే.

ఇంగ్లండులో లివర్‌పూల్‌కు ఎదురుగా ఉన్న బిర్కెన్‌హెడ్ అనే ఊరు దీనికి ఒక ఉపాయం చేసింది. 1843లో చట్టం ద్వారా అనుమతి తీసుకుని, ఊరి పాలకమండలి 226 ఎకరాల పల్లపు బీడు కొన్నది. 125 ఎకరాలు పార్కుకు ఉంచి, చుట్టూ ఉన్న మిగతా భూమిని ఇళ్ళ స్థలాలుగా అమ్మకానికి పెట్టింది. పార్కు వస్తుందని తెలియగానే ఆ స్థలాలకు ధర వస్తుంది కాబట్టి, ఆ లాభం ఊరికే దక్కేటట్లు చూసుకుంది. 1847 ఏప్రిల్‌లో పార్కు తెరిచారు. ప్రజల డబ్బుతో ప్రజలకోసం కట్టిన మొదటి పార్కుగా దానిని చెబుతారు.

మన దగ్గర అంత భూమి కొనే స్తోమత ఏ మున్సిపాలిటీకి లేదు. కానీ అడగవలసిన డబ్బు ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో 10 శాతం స్థలం ఉమ్మడి ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. అలా వదలకుండా అమ్మిన అనుమతి లేని లేఅవుట్లలో ప్లాటు కొన్నవారి నుంచి, క్రమబద్ధీకరణ పథకం కింద ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుము వసూలు చేస్తారు. తెలంగాణలో 2020 పథకంలోనూ ఇదే 14 శాతం. ఆ రుసుము మీలో చాలామంది కట్టి ఉంటారు. పార్కుకు జాగా లేనందుకు కట్టిన డబ్బది. మన ఊళ్ళో ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చుపెట్టారు అని సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. అడిగిన తర్వాతే “డబ్బు లేదు” అన్న మాట నమ్మాలో లేదో తేలుతుంది.

అలాగే మీ లేఅవుట్‌లో పార్కు పేరిట వదిలిన స్థలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోండి. హైదరాబాదులో 2024లో ఏర్పాటైన హైడ్రా చేస్తున్న పనుల్లో ఇలా ఆక్రమణలో చిక్కిన పార్కు స్థలాలను విడిపించడం ఒకటి. ఉన్నదాన్ని కాపాడుకోకుండా కొత్తది కొనడం చిల్లి కుండలో నీళ్ళు పోయడమే.

“పార్కు బదులు ఆసుపత్రి కట్టవచ్చు కదా?”

ఆసుపత్రివారం కాబట్టి ఈ మాటకు మేము సంతోషపడతామని కొందరు అనుకుంటున్నారు. బెంగళూరులో జరిగింది చెబుతాము. అక్కడ శాంకీ చెరువు దగ్గర రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో ప్రజల పార్కు కోసం ప్లానులో ఉంచిన ఒక స్థలాన్ని, 1976లో ముఖ్యమంత్రి స్థాయిలో తీసుకున్న నిర్ణయంతో నర్సింగ్ హోమ్ కట్టుకోవడానికి ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇవ్వాలనుకున్నారు. ఆ పేటవారు కోర్టుకు వెళ్ళారు. ఆసుపత్రి కూడా ప్రజలకు సౌకర్యమే కదా అని హైకోర్టులో మొదట ఒక న్యాయమూర్తి వారి పిటిషను కొట్టివేశారు. డివిజన్ బెంచి దానిని తిరగదోడింది. చివరకు 1991 జులైలో సుప్రీంకోర్టు పేటవారి పక్షమే తీర్పు ఇచ్చింది. గాలి, వెలుతురు, పిల్లల ఆట, పెద్దల విశ్రాంతి కోసం ఉంచిన ఖాళీ స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి మార్చడం ప్రజల మేలు అనిపించుకోదని చెప్పింది. పార్కులను కాపాడుకోవడానికి కోర్టుకు వెళ్ళేవారు ఈ రోజుకీ ఆ తీర్పును చూపిస్తారు.

మన ఊళ్ళో స్థలం ఇంకా కొనలేదు కాబట్టి ఆ తీర్పు ఇప్పుడే వర్తించదు. కొన్న తర్వాత మాస్టర్ ప్లానులో పార్కుగా చూపించి నోటిఫై చేయించుకుంటే, రేపు ఎవరో వచ్చి షాపింగ్ కాంప్లెక్సు కడతామన్నప్పుడు అది గోడలా అడ్డు నిలుస్తుంది. ఇది మరచిపోవద్దు.

ఖాళీ అన్నది నిజంగా ఖాళీయేనా?

న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు చూడని అమెరికా యాత్రికుడు ఉండడు. ఆ పార్కు కోసం 1850లలో నగరం తీసుకున్న భూమిలో సెనెకా విలేజ్ అనే ఊరు ఉండేది. ఎక్కువమంది నల్లజాతివారు, సొంతంగా భూమి కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నవారు. 1855 నాటి జనాభా లెక్కల్లో సుమారు 225 మంది ఉన్నారు. మూడు చర్చీలు, ఒక బడి, సమాధి స్థలాలు ఉండేవి. 1857కల్లా అందరినీ ఖాళీ చేయించారు. నష్టపరిహారం ఇచ్చారు, కానీ ఆ సంఘం మళ్ళీ ఒకచోట చేరలేదు. ఆ రోజుల పత్రికలు ఆ జాగాను పనికిరాని నేల అన్నట్లుగానే రాశాయి.

మన స్థలంలో కూడా రోడ్డు వైపు మూలన కొన్ని గుడిసెలు ఉన్నాయి. మా కమ్యూనిటీ హెల్త్ సిస్టర్లు అక్కడి పిల్లలకు టీకాలు వేయడానికి వెళుతూనే ఉన్నారు. ఆ కుటుంబాలు ఎక్కడికి పోవాలో పార్కు ప్లానుతోపాటే తేలాలి, తర్వాత కాదు. వారిని ఊరి చివరకు తోసివేస్తే, టి.బి. మందులు వాడేవారు మధ్యలో మానేస్తారు, గర్భిణులు చెకప్‌కు రావడం ఆగిపోతుంది.

కాగితాలు కూడా చూడాలి. ఈ.సి. తీయించడం, స్థలం నిషేధిత జాబితాలో 22-ఏ కింద ఉందేమో చూడటం, అసైన్డ్ భూమా, చెరువు శిఖమా, దేవాదాయ భూమా, వక్ఫ్ భూమా అని విచారించడం, ఇవన్నీ కొనేముందు జరగాలి. పూర్వం ఆ జాగాలో ఏం ఉండేదో ముసలివారిని అడగండి. పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు లాంటిది ఉండి ఉంటే మట్టిలో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు విషం. అటువంటిచోట మట్టి పరీక్ష చేయించకుండా పిల్లలను ఆడనివ్వకూడదు.

కట్టాక తాళం వేస్తారా?

చాలా ఊళ్ళలో పార్కులు ప్రారంభోత్సవం రోజు బాగుంటాయి. ఏడాది తిరిగేసరికి ఫౌంటెనులో నీళ్ళు నిలిచి దోమలు, ఉయ్యాలకు గొలుసు లేదు, గేటుకు తాళం. అందుకని మా కోరిక చాలా చిన్నది. ఫౌంటెను వద్దు, సిమెంటు జింకలు వద్దు. చదునైన బాట, మోకాళ్ళు నొప్పులవారు లేవడానికి చేతులున్న బెంచీలు, తాగునీరు, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి, రాత్రి 9 గంటల దాకా దీపాలు. కూలిపనికి వెళ్ళేవారు ఇంటికి చేరేది 6 తర్వాతే. అప్పటికే గేటు మూసే పార్కు వారికి లేనట్టే. టిక్కెట్టు పెట్టకూడదు.

చెట్ల విషయంలో వేప, కానుగ, పొగడ, నేరేడు వంటివి అడగండి. త్వరగా పెరుగుతుందని రోడ్ల పక్కన నాటుతూ వచ్చిన కోనోకార్పస్ వద్దు. దానిని గుజరాత్ ప్రభుత్వం 2023లోనే నిషేధించింది. చెట్టు చుట్టూ నీరు నిలిచే తొట్లు కట్టకూడదు. నాటిన మొదటి రెండు వేసవులు నీరు ఎవరు పోస్తారన్నది టెండరులోనే రాయించాలి. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. అటువంటి ఏర్పాటు ఉంటే నీటి ట్యాంకరుకు డబ్బు లేదనే మాట రాదు.

మీ అభిప్రాయం చెప్పాలనుకుంటే మున్సిపల్ కమిషనరుగారి పేరిట తెల్లకాగితం మీద రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. పార్కు కావాలన్నా వద్దన్నా సరే రాయండి. సర్వే నంబరు, మీ వార్డు నంబరు తప్పకుండా ఉండాలి. అవి లేని కాగితం ఫైలులో చేరదు. రాయడం రానివారు మంగళవారం షుగరు క్లినిక్కు వచ్చినప్పుడు మా రెండో సంవత్సరం నర్సింగ్ విద్యార్థినులను అడిగితే వారు రాసిపెడతారు. మీరు చెప్పినదే రాస్తారు, సొంత మాట కలపరు.